యాభై ఐదేళ్ళు మోగాల్సిన హూటర్

పిల్లలూ, కంప్యూటర్‌కి రాసే సి భాష కొత్తగా నేర్చుకుంటున్న వాళ్ళు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఆంటీ, ఒకే అరేలో రకరకాల స్ట్రక్చర్ల పాయింటర్లు దాచుకోవచ్చా?" అని. దాచుకోవచ్చు. ఎవరాపారు? సి భాష ఎవర్నీ దేనికీ ఆపదు. మీరు నూతిలో కాలు పెడుతుంటే దిగే పనేదో ఉంది కాబోలనుకుని పక్కకి తప్పుకుంటుంది, అంత మర్యాదస్తురాలు. ఆ మర్యాద వల్ల ఒక ఫ్యాక్టరీ గేటు ముందు మాకేం జరిగిందో చెప్తాను. దాచుకోవచ్చో కూడదో తర్వాత మీరే తేల్చుకోండి.

నేను ఈమధ్యే ఉద్యోగం మానేశాను. "ఈ వయసుకే రిటైరయ్యారా?" అని అడక్కండి. ఇన్నేళ్ళు మగాళ్ళతో రోజూ వాదించిన మనిషికి ఒక్కో ఏడాదీ రెండేళ్ళ కింద లెక్క. మాది బయట హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే ఫ్యాక్టరీల ఊరు. ఇల్లు బారిడీహ్‌లో, కంపెనీ నది అవతల ఆదిత్యపూర్‌లో. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, దానికో బోర్డు, మా యజమాని, ఆయన మాట. ఫ్యాక్టరీ గేట్లకి కంట్రోల్ పానెళ్ళు చేసేవాళ్ళం. షిఫ్టు వేళకి హూటర్ మోగాలి, గేటు కర్ర పైకి లేవాలి, ఎలక్ట్రానిక్ బోర్డు మీద అక్షరాలు వెలగాలి. ఈ మూడింటినీ ఆడించే ప్రోగ్రాం నాది. వైర్లూ, మోటార్లూ, బ్యాటరీలూ నా సహోద్యోగివి. అతనిది బాగ్‌బేరా రైల్వే కాలనీ. నన్ను అక్కా అంటాడు. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే బ్యాటరీల గురించే మాట్లాడతాడు.

ఎమ్.సి.ఏ. చదివి కూడా ఈ పని దొరికేదాకా నేను దుకాణాలకి బిల్లింగ్ ప్యాకేజీలు అమ్ముతూ తిరిగాను. ఇక్కడ నేనో నాలుగు లైన్లు టైపు చేస్తే అంత లావు ఇనపకర్ర నెమ్మదిగా పైకి లేస్తుంది. మొదటిసారి లేచినప్పుడు సంతోషం పట్టలేక ఇంటికొచ్చి మా ఆయనకి స్కేలుతో చూపించాను. "స్కేలు ఇరిగిపోద్ది, జాగ్రత్త" అన్నారాయన. సరే, ఆయనకి అర్థం కాకపోయినా నాకైంది. ఈ కుర్చీ వదలకూడదని అప్పుడే అనుకున్నాను.

ఆ కుర్చీకే ఎసరొచ్చింది. పక్క ఫ్యాక్టరీలేవో రెడీమేడ్ పానెళ్ళు తెప్పించుకుంటున్నాయని మా యజమానికి ఎవరో చెప్పారు. ఆయన మమ్మల్నిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టారు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాతగారి నాడే ఈ ఊరొచ్చిన కుటుంబం, మాట మటుకు ఇంకా అక్కడే ఉంది.

"ఈ పెద్ద ఫ్యాక్టరీవోళ్ళ గేటుకాడ మనం సేసే డెమో గాని బాగా అవ్వకపోతే, మరి ప్రోగ్రాం సెక్షను మూసేత్తానమ్మా. మనం కూడా రెడీమేడ్ తెచ్చి అమ్ముకుందాం. ఈ తమ్ముడు ఫిటింగులకి పోతాడు. నువ్వు ఆ ఫోను బల్ల దగ్గర కూకో."

ఫోను బల్ల అంటే కస్టమర్ల ఫిర్యాదులు తీసుకునే బల్ల. అక్కడ కూర్చున్న మనిషి "క్షమించండి సార్, ఇప్పుడే పంపిస్తాం సార్" అనాలి.

"నన్ను ఫోను దగ్గర కూర్చోబెడతారా సార్? బాగా ఆలోచించుకునే అంటున్నారా?" అన్నాను.

"అందుకే కదమ్మా డెమో బాగా అవ్వాలంతన్నాను" అన్నారాయన. మనిషికి భయం ఉంది. అది నాకు నచ్చింది.

ఇప్పుడు కొంచెం పాఠం, ఓపిక పట్టండి. స్ట్రక్చర్ అంటే ఒక వస్తువు గురించిన వివరాలన్నీ కలిపి కట్టిన మూట. హూటర్ మూటలో మొట్టమొదట ఎన్ని సెకన్లు మోగాలన్న అంకె ఉంటుంది. గేటు మూటలో మొదట ఎన్ని డిగ్రీలు లేవాలన్నది ఉంటుంది. బోర్డు మూటలో మొదట ఏం చూపించాలన్న అక్షరాలుంటాయి. పాయింటర్ అంటే ఆ మూట మెమరీలో ఎక్కడుందో చెప్పే చిరునామా. మామూలు పాయింటర్‌కి తన మూట ఏ రకమో తెలుస్తుంది. ‘వాయిడ్ స్టార్’ అని ఒకటుంది, అది ఏ రకం మూట చిరునామానైనా పట్టుకుంటుంది. లోపలేముందో దానికి తెలీదు, తెలుసుకోవాలన్న ధ్యాసా లేదు. అలాంటివి మూడు ఒక అరేలో, అంటే పక్కపక్కనున్న గళ్ళలో, వరసగా పెట్టి, "మొదటిది హూటర్, రెండోది గేటు, మూడోది బోర్డు" అని స్థానాన్ని బట్టి ఒక్కోదాన్నీ వరసగా ఆడించే లూపొకటి మా ప్రోగ్రాంలో ఉంది. అది రాసింది మా యజమాని. ఒకప్పుడు కోచింగ్ సెంటర్లో సి నేర్చుకున్నారట. ప్రతి ప్రోగ్రాంలోనూ తన చెయ్యి ఒకటి పడితే శుభమని ఆయన నమ్మకం.

నేను ఆ లూపు చూసిన రోజునే గొడవ పెట్టుకున్నాను.

"సార్, ఈ వరస మీ బుర్రలో ఉంది. కంప్యూటర్‌కి తెలీదు. రేపెవరైనా మారిస్తే?"

"ఎవుడు మారుత్తాడమ్మా? ఉన్నదే మనం ముగ్గురం."

"ఆ ముగ్గురిలో మీరొకరు కదా సార్."

ఆయనకి కోపం రాలేదు, పొగిడాననుకున్నారు. అప్పుడు వంటింటి భాషలోకి దిగాను. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నె కొంటే దాని మీద పేరు కొట్టించందే గడప దాటించం. ఈ ఊళ్ళో మరీను. తెలుగువాళ్ళు ఎక్కువుండే భాలుబాసాలో ఒకరింట్లో వ్రతమైతే వీధిలో ఉన్న గిన్నెలన్నీ అక్కడికే వెళ్తాయి. తెలుగు గిన్నె, ఒడియా గిన్నె, బిహారీ గిన్నె ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. సాయంత్రానికి ఏ ఇంటి గిన్నె ఆ ఇంటికి చేరుతుందంటే పేరు చూసుకునే. "వరసలో మూడోది మాది" అని ఏ ఇల్లాలైనా గుర్తుపెట్టుకుంటుందా? అలాగే ప్రతి మూటకీ మొదట్లో నేను హూటర్‌ని, నేను గేటుని అని తన రకం చెప్పే ఒక అంకె పెడదాం, లూపు ఆ అంకె చూసి పని చేస్తుంది, అన్నాను.

"మూడు గిన్నెలకి పేర్లేటమ్మా? మూడూ మనయే కదా. మెమరీ తినేత్తాది."

"పేరు కొట్టించాక గిన్నె బరువు పెరిగిందని ఏ ఆడమనిషైనా అనగా విన్నారా సార్?"

"నీతో మాటాడితే నా బుర్ర బరువెక్కిపోతంది" అని ఆయన లేచి వెళ్ళిపోయారు. అంకె పెట్టనివ్వలేదు. యజమాని లూపు, యజమాని మాట.

నా సహోద్యోగి మాత్రం తన పనిలో తానున్నాడు. హూటర్‌కి విడిగా బ్యాటరీ తగిలించాడు. ఆ బ్యాటరీని దొంగలెత్తుకుపోకుండా ఇనపపెట్టెలో పెట్టి బోల్టులు బిగించాడు. "అక్కా, కరెంటు పోతే పోనీ, పిడుగు పడితే పడనీ. నా హూటర్ ఆగదు" అన్నాడు. ఆ మాట అంత నిజమౌతుందని అతనూ అనుకోలేదు.

డెమో రోజు పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరాం. బిగింపు అంతా అయింది. ఫ్యాక్టరీ పెద్ద సాహెబ్ కారు గేటు ముందుకి రాగానే మా యజమాని బటన్ నొక్కాలి. హూటర్ ఐదు సెకన్లు మోగాలి, గేటు తొంభై డిగ్రీలు లేచి నిటారుగా నిలబడాలి, బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్వాగత్ హై’ అని రావాలి. మా యజమాని పానెల్‌కి పసుపు రాసి బొట్లు పెట్టారు, కొబ్బరికాయ సిద్ధం చేశారు, సాహెబ్‌కి కప్పడానికి శాలువా తెచ్చారు. కర్పూరం కూడా తెచ్చారు, కానీ అగ్గిపెట్టె దగ్గర గార్డు అడ్డుపడ్డాడు.

"మాచిస్ అందర్ నహీఁ జాయేగా" అన్నాడు. అగ్గిపెట్టె లోపలికి పోదట.

నేను వాదించడానికి వెళ్ళబోతుంటే మా యజమాని ఆపి, "ఒక్క మాటమ్మా. ఈ మూడిట్లో ముందు ఏటవుద్ది?" అన్నారు.

"హూటర్. అయినా కన్ను మూసి తెరిచేలోగా మూడూ మొదలైపోతాయి. తేడా ఎవరికీ తెలీదు."

"ముందు హూటరా? శుభమా అని మొదలెడుతూ ఆ ఏడుపుతోటేటి? స్వాగతం కదా ముందుండాల?"

"సార్, దణ్ణం పెడతాను, దాన్ని ముట్టుకోకండి" అని చెప్పి నేను అగ్గిపెట్టె పోరాటానికి వెళ్ళాను.

గార్డుతో హిందీలో వాదిస్తూ వాదిస్తూ, ఊపిరి ఆడక తెలుగులో ఏదో అనేశాను. అతను తటాలున చెయ్యి దించేసి, "ఓలమ్మ, మీరు తెలుగోలా? మాది భాలుబాసా" అన్నాడు. అక్కణ్ణుంచి ఎవరి చుట్టాలెవరో తేల్చుకున్నాం. అన్నీ తేలాక కూడా అగ్గిపెట్టె ఇవ్వలేదు. "సుట్టరికం సుట్టరికమే, డూటీ డూటీయే మేడమ్" అన్నాడు.

ఈ లోపల మా యజమాని నా లాప్‌టాప్ తెరిచి, అరేలో ఆఖరున ఉన్న బోర్డుని తీసుకొచ్చి ముందు పెట్టారు, పెళ్ళిలో పెద్దవాళ్ళని ముందు వరస కుర్చీల్లోకి పిలిచినట్టు. కంపైల్ చేశారు. తప్పులు పట్టాల్సిన కంపైలర్ ఒక్క మాటా అనలేదు. ఎందుకంటుంది? వాయిడ్ స్టార్ అరేలో ఎవరెక్కడ కూర్చుంటే దానికేం? ఆయన ఆ మౌనాన్ని ఆశీర్వాదమనుకున్నారు. పానెల్‌లోకి ఎక్కించేశారు. లూపు మటుకు పాత వరసనే నమ్ముకుని కూర్చుంది.

నేను తిరిగొచ్చేసరికి సాహెబ్ కారొచ్చి ఆగింది. మా యజమాని కళ్ళు మూసుకుని బటన్ నొక్కారు.

హూటర్ అరిచింది. గేటు కర్ర ఐదే ఐదు డిగ్రీలు లేచి, నిద్రలో తలెత్తి చూసినట్టు చూసి ఆగిపోయింది. బోర్డు మీద ఎర్రగా, పెద్దగా, ఒకే ఒక్క అక్షరం వెలిగింది. ‘జెడ్’.

ఐదు సెకన్లయింది. పది అయింది. హూటర్ ఆగలేదు.

నా సహోద్యోగి పరుగెత్తి మెయిన్ స్విచ్ కట్టేశాడు. గేటు చచ్చింది, బోర్డు ఆరింది. హూటర్ మాత్రం అదే గొంతుతో అరుస్తోంది. నేనతని మొహం చూశాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ మొహంలో గర్వం కనిపించింది.

"ఆపవయ్యా!" అని నేను అరిస్తే అప్పుడు బోల్టులు విప్పడానికి కూర్చున్నాడు. దొంగలు విప్పలేనివి అతనికి మాత్రం తొందరగా వస్తాయా?

ఇంతలో లోపలి షెడ్లలో ఉన్న జనం హూటర్ విని షిఫ్టు అయిపోయిందనుకున్నారు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని, సైకిళ్ళు నడిపించుకుంటూ బయటికొచ్చేశారు. గోడవతల ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళు కూడా వచ్చేశారు, వాళ్ళకి దీంతో సంబంధమే లేదు. సూపర్‌వైజర్లు "వాపస్ జావో!" అని, వెనక్కి పొమ్మని గొంతు చించుకుంటున్నారు గానీ, హూటర్ ముందు అవన్నీ ఉత్త పెదాల కదలికలు. గేటుకి ఇవతల సాహెబ్ కారు, అవతల సైకిళ్ళు, మధ్యలో జానెడు లేచిన కర్ర. బోర్డు ఆరేముందు చూసిన ముసలి కార్మికుడొకాయన నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్ సునా థా. యే జెడ్ షిఫ్ట్ కబ్ సే?" అని అడిగాడు. జెడ్ షిఫ్టు ఎప్పట్నుంచని. నిజాయితీగా అడిగాడు పాపం, తన డ్యూటీ మారిందేమోనని కంగారు.

మా యజమాని స్టూలెక్కి, చేతిలో ఇంకేం లేక, సాహెబ్ కోసం తెచ్చిన శాలువాని హూటర్ నోట్లో కుక్కారు. అరుపు మూలుగైంది. ఆఖరికి బోల్టులు ఊడి, వైరు తెగి, ఆ మూలుగూ పోయింది.

నాకు ‘జెడ్’ చూడగానే అర్థమైంది. గేటు మూటని బోర్డు మూటనుకుని చదివింది లూపు. అందులో తొంభై ఉంది. కంప్యూటర్ అక్షరాల లెక్కలో తొంభై అంటే పెద్ద జెడ్. హూటర్ మూటని గేటనుకుంది. అందులో ఐదు సెకన్లుంది, కనక గేటు ఐదు డిగ్రీలు లేచింది. మరి హూటర్‌కి దొరికింది బోర్డు మూట. ‘స్వాగత్’కి మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలని ఒక అంకెగా చదివి, అన్ని సెకన్లు మోగాలనుకుంది పిచ్చిది. లాప్‌టాప్‌లో లెక్కేశాను. దాదాపు యాభై ఐదేళ్ళు. ఆ బోల్టులు ఊడకపోతే, అప్పటికింకా పుట్టని నా మనవడు కూడా ఏదో ఫ్యాక్టరీలో చేరి నెత్తి నెరిసే వేళకి అది ఆగేదన్నమాట.

సాహెబ్ కారు దిగారు. తెల్లజుట్టు, నెమ్మదైన మనిషి. బోర్డు వైపు, గేటు వైపు, స్టూలు మీదున్న మా యజమాని వైపు చూసి హిందీలో అన్నారు: "నేను క్యాంటీన్లో టీ తాగుతాను. తాగొచ్చేసరికి గేటు తెరుచుకుంటే మాట్లాడుకుందాం. లేదంటే మీ సామాను విప్పుకుని వెళ్ళిపోండి."

ఆయన లోపలికి నడిచే వెళ్ళారు, కర్ర కింద నుంచి వంగి.

మా యజమాని స్టూలు దిగి నా దగ్గరికొచ్చారు. "అయిపోనాది. నీ ఫోను బల్ల ఎక్కడెట్టమంతావు, కిటికీ పక్కనా?" అన్నారు. ఆయన ఎగతాళికి అనలేదు. నన్ను కిటికీ పక్కన కూర్చోబెడదామనే అన్నారు. దాంతో నాకు ఇంకా మండింది.

"సార్, మీరు ఆ కొబ్బరికాయ పట్టుకుని, నోరు తెరవకుండా, దూరంగా నిలబడండి" అన్నాను. నిలబడ్డారు.

గార్డు తన స్టూలు నాకిచ్చాడు. మూడు మూటలకీ మొదట్లో ఒక్కో అంకె కొట్టాను. నువ్వు హూటర్‌వి, నువ్వు గేటువి, నువ్వు బోర్డువి. లూపు స్థానం చూడ్డం మానేసి, మూటని తెరిచే ముందు ఆ అంకె చూసేలా రాశాను. తెలియని అంకె కనిపిస్తే ఏదీ ముట్టుకోవద్దని చివర్లో చేర్చాను. ఆ చివరి నియమం మనుషులకి కూడా ఉంటే ఎంత బాగుణ్ణని రాస్తున్నప్పుడే అనుకున్నాను. నా సహోద్యోగి తెగిన వైరు కలిపి, మెయిన్ వేశాడు.

"ఇప్పుడు రండి సార్. మీకు ఏది ముందు కావాలో పెట్టుకోండి" అన్నాను.

"మళ్ళీ ముట్టమంతావేటి?"

"ముట్టండి. ఇప్పుడు ఎలా మార్చినా ఏం కాదు."

ఆయన చెమట తుడుచుకుని, బోర్డుని అరేలో ముందే ఉంచారు. తర్వాత ఒక క్షణం ఆలోచించి గేటుని కూడా హూటర్‌కి ముందు పెట్టారు. ఏడుపుని ఆఖరికి పంపేదాకా ఆ మనిషికి తృప్తి లేదు.

సాహెబ్ టీ తాగొచ్చి కారెక్కారు. బటన్ నొక్కాం. ‘స్వాగత్ హై’ వెలిగింది. గేటు నెమ్మదిగా, హాయిగా, నిటారుగా లేచింది. హూటర్ మాత్రం జలుబు చేసిన గేదెలా మూలిగింది.

"సూసేవా, నీ అంకెలు హూటర్ గొంతు నొక్కేసినాయి!" అన్నారు మా యజమాని.

"అంకెలు కాదు సార్, శాలువా. తీయండి."

తీశారు. అది నల్లగా, గ్రీజు ముద్దలా వచ్చింది. దాన్నే దులిపి, కారు దిగిన సాహెబ్‌కి కప్పబోయారు. ఆయన రెండడుగులు వెనక్కేసి "రెహ్నే దీజియే" అన్నారు. ఉంచుకోమని. తర్వాత అడిగారు: "ఇందాక తప్పెవరిది?"

"సార్, సి లాంగ్వేజ్ కా" అన్నారు మా యజమాని, భాష మీదకి తోసేసి.

సాహెబ్ నా వైపు తిరిగారు. నా సహోద్యోగి బూట్లు చూసుకుంటున్నాడు. నిజం చెప్తే ఆర్డరు పోవచ్చు, దాంతోపాటే నా కుర్చీ. చెప్పకపోతే, అంకె పెట్టాలని అంత పోట్లాడిన నేనే రేపు ఇంకెవరికో "సి భాష అంతేనండీ" అని చెప్పుకు తిరగాలి. అది నావల్ల కాదు. పక్కనున్న మా యజమానిని వేలెత్తి చూపించాను. "ఇన్‌కీ, ఈయనదే. వరస మార్చారు. ఎలా మార్చినా తట్టుకునేలా ఇప్పుడు చేశాను. ఇంకోసారి మారిస్తే కూడా ఏం కాదు, మారుస్తారు కూడా" అన్నాను.

సాహెబ్ మా యజమానిని చూశారు. మా యజమాని కొబ్బరికాయని చూశారు.

"ఆర్డర్ ఇస్తాను" అన్నారు సాహెబ్. "ఒకే షరతు. ఈ పానెల్ గురించి మేం ఫోన్ చేస్తే ఈ మేడమే ఎత్తాలి. మీరు మాట్లాడితే నాకేం అర్థం కాదు. ఈవిడ మాట్లాడితే తప్పెక్కడుందో తెలుస్తుంది."

నేను నోరు తెరిచాను. మా యజమాని నాకంటే ముందే "హాఁ జీ, హాఁ జీ" అనేశారు.

అలా ప్రోగ్రాం సెక్షను మూతపడలేదు. నా కుర్చీ నాకే ఉంది. ఫోను బల్ల కూడా నా దగ్గరికే వచ్చింది, కీబోర్డుకీ నాకూ మధ్య. రెండు రోజులు పోట్లాడాను. మూడో రోజు ఒక ఒప్పందానికి వచ్చాం: ఫోను నేనెత్తుతాను, మా యజమాని నా లాప్‌టాప్ ముట్టుకోరు. ఆయన నా ఎదురుగా కూర్చుని ఫోన్లో ఎలా మాట్లాడాలో నేర్పించారు. నవ్వు మొహంతో, ముందు నమస్తే అని, తర్వాత కంపెనీ పేరు, ఆ తర్వాత "మీకు ఏ విధంగా సాయపడగలం" అని.

ఆయన నేర్పిస్తుండగానే ఫోను మోగింది. ఎత్తాను.

"ఏటి?" అన్నాను.

మా యజమాని నెత్తి పట్టుకున్నారు. అవతల ఆ భాలుబాసా గార్డు గొంతు వినిపించింది.

"ఏటీ నేదు మేడమ్, అన్నీ బాగానే పని సేత్తన్నాయి. ఫోను మీరెత్తుతున్నారో నేదో సూడమన్నారు మా సాహెబ్."

"ఎత్తానని సెప్పు" అని పెట్టేశాను.